రెండు పటాల మధ్య భడ్లా

తెలుగులో పటం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. బడి గోడకు వేలాడే దేశపటం ఒకటి. కథ చెప్పేవాళ్లు విప్పి చూపించే బొమ్మల గుడ్డ ఇంకొకటి. చేర్యాల నకాషీ పటాలు మనలో చాలామందికి తెలుసు. కోయ డోలీలు వంశాల కథ చెప్పేటప్పుడు చూపించే పడిగె కూడా ఆ కోవలోదే. ఈ వ్యాసంలో మేము రాజస్థాన్‌లోని ఒక ఎడారికి సంబంధించిన రెండు పటాలను పక్కపక్కన పెట్టి చదవదలిచాం. మొదటిది ప్రభుత్వం అచ్చువేసిన బంజరు భూముల అట్లాసు. రెండోది అక్కడి నాయక్ భోపాలు రాత్రిపూట దీపం వెలుగులో పాడి చూపించే పాబూజీ ఫడ్. రెండూ చెప్పేది ఆ ఎడారి గురించే. ఇప్పుడు ఆ నేల మీద దేశంలోని అతిపెద్ద సోలార్ పార్కుల్లో ఒకటైన భడ్లా నిలబడి ఉంది.

విమర్శ అంటే కథల మీద, కవిత్వం మీదే రాయాలనే అలవాటు మన దగ్గర పాతుకుపోయింది. మేము దాన్ని ఒప్పుకోం. అట్లాసు కూడా ఎవరో కూర్చుని రాసిన పుస్తకమే. దానికీ ఒక భాష ఉంది, దానిలోనూ చెప్పినవి, చెప్పకుండా వదిలినవి ఉన్నాయి. కవిత బాగోకపోతే ఎవరికీ నష్టం లేదు. అట్లాసులో ఒక మాట తప్పుగా పడితే కొందరి మేత పోతుంది.

ముందు భడ్లా సంగతి. ఊరు థార్ ఎడారిలో ఉంది. మొన్నటిదాకా జోధ్‌పూర్ జిల్లా, 2023లో కొత్తగా ఏర్పడిన ఫలోదీ జిల్లాలోకి వచ్చింది. నాలుగు దశల్లో కట్టిన ఈ పార్కు సామర్థ్యం 2,245 మెగావాట్లు, విస్తీర్ణం సుమారు 14 వేల ఎకరాలు. మనకు తెలిసిన దానితో పోల్చుకుంటే, కర్నూలు దగ్గర గని, శకునాల భూముల్లో 2017లో తయారైన పార్కు 1,000 మెగావాట్లు, దాదాపు 6 వేల ఎకరాలు. భడ్లా దానికి రెండింతల పైమాటే. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఇసుక గాలి లేస్తే పలకల మీద దుమ్ము పొర కట్టేస్తుంది, దాన్ని నీళ్లు లేకుండా తుడిచే యంత్రాలు పెట్టారు. 2017 మే నెలలో ఇక్కడి మూడో దశకు వేలం పెడితే యూనిట్ ధర 2 రూపాయల 44 పైసలకు దిగింది. అప్పటికి దేశంలో అంత తక్కువ ధర ఎక్కడా పలకలేదు. పత్రికలన్నీ ఆ అంకెను పెద్దక్షరాల్లో వేశాయి.

ఆ వార్తల పక్కన వేసిన ఫొటోలు గుర్తున్నాయా? అన్నీ పై నుంచి తీసినవే. నీలి పలకల వరుసలు, చుట్టూ పసుపు ఇసుక. మనిషి లేడు, మేక లేదు, బావి లేదు. ఆ ఫొటో చూసినవాడికి కలిగే మొదటి ఆలోచన, ఏమీ లేనిచోట ఏదో పుట్టించారే అని. ఆ ఆలోచనను తయారుచేసింది ఫొటో తీసినవాడు కాదు. అంతకు చాలా ముందే అట్లాసు తయారుచేసింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఎండ నుంచి కరెంటు తీయడం మీద మాకు పేచీ లేదు. బొగ్గు ఏం చేస్తుందో గోదావరి లోయలో ఉన్నవాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఓపెన్ కాస్టు గనుల కింద ఎన్ని గూడేలు పోయాయో మన పెద్దలు వేళ్లు మడిచి లెక్కపెడతారు. పోలవరం సంగతి అందరికీ తెలిసిందే. బొగ్గు తగ్గి ఎండ పెరిగితే ముందుగా ఊపిరి పీల్చుకునేది మనమే. కాబట్టి సోలార్ అనగానే మరో దోపిడీ అని కొట్టిపారేసే వ్యాసాలు మాకు రుచించవు. మా ప్రశ్న వేరు. బొగ్గుకు భూమి తీసుకున్నప్పుడు వాడిన మాటలనే ఎండకూ ఎందుకు వాడుతున్నారు?

ఆ మాటల్లో మొదటిది బంజరు. కేంద్ర భూవనరుల శాఖ కోసం బంజరు భూముల అట్లాసును తయారుచేసేది ఎక్కడో కాదు, మన హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం. మొదటి అట్లాసు 2000లో వచ్చింది. 2019లో వచ్చిన దాని ప్రకారం 2015-16 నాటికి దేశంలో 5 కోట్ల 57 లక్షల హెక్టార్లకు పైగా బంజరు ఉంది, అంటే దేశ విస్తీర్ణంలో దాదాపు 17 శాతం. దాన్ని 23 రకాలుగా విడదీశారు. ఆ జాబితాను మన ఉపాధ్యాయులు ఒక్కసారి నిదానంగా చదవాలని మా కోరిక. ఎడారి ఇసుక ఒక రకం. క్షీణించిన పచ్చిక బయళ్లు ఒక రకం. బండ నేలలు, ఉప్పు నేలలు ఉన్నాయి. హిమాలయాల మీద మంచు కప్పిన నేల కూడా ఉంది. గంగకు నీళ్లిచ్చే మంచు బంజరెట్లా అయిందో మాకైతే అర్థం కాలేదు. గనులు తవ్వి పాడుచేసిన నేల ఒక రకం. సరే, అది న్యాయమే. దానితోపాటే మరో రెండు రకాలు కనిపిస్తాయి. ఇప్పుడు సాగులో ఉన్న పోడు, సాగుచేసి వదిలిన పోడు.

అవును, పోడు. ఈశాన్యంలో ఝూమ్ అంటారు, మన దగ్గర పోడు అంటారు. కొండ మీద కొర్రలు, సామలు, కందులు, జొన్నలు ఒకే మడిలో పండించి, నేలకు అలుపు తీరేదాకా వదిలి, మళ్లీ వచ్చే పద్ధతి అది. తవ్వి వదిలేసిన గనికీ, విశ్రాంతికి వదిలిన పోడుకూ ఒకే జాబితాలో చోటు దొరికింది. థార్‌లో మేకలు కాసే రైకా కుటుంబానికీ, మన్యంలో పోడు కొట్టే కొండరెడ్డి కుటుంబానికీ ఇంతకంటే దగ్గరి చుట్టరికం ఇంకెక్కడా లేదు. ఎడారిలో కట్టిన పార్కు గురించి ఆదివాసీ పుస్తకంలో ఎందుకు రాస్తున్నారని ఎవరైనా అడిగితే మా జవాబు ఇదే.

ఉపగ్రహం అబద్ధం చెప్పదని అంటారు. నిజమే, అది రంగును చూస్తుంది. ఇసుక రంగు, పొదల రంగు, పంట రంగు. ఏ ఋతువులో ఏ రంగో కూడా చూస్తుంది. అయితే ఆ పొద ఎవరి మేకకు ఏ నెలలో పనికొస్తుందో అది చూడలేదు. ఆ బావి దగ్గర ఎవరికి ఏ వంతో చూడలేదు. చూడలేకపోవడం ఉపగ్రహం తప్పు కాదు. రంగుకు బంజరు అని పేరు పెట్టింది మాత్రం మనుషులే. ఆ పేరు కూడా కొత్తదేమీ కాదు. తెల్లదొరల రెవెన్యూ లెక్కల్లో శిస్తు రాని నేలంతా పనికిరాని నేలే. నేల పనికొస్తుందా లేదా అని వాళ్లు అడగలేదు, ఖజానాకు ఏమొస్తుందని మాత్రమే అడిగారు. మన పోరంబోకు అనే మాట చూడండి. పన్ను లెక్కకు బయట ఉంచిన భూమి అని దాని అసలు అర్థం. చెరువులు, దారులు, శ్మశానాలు, మేత బీళ్లు, అంటే ఊరందరివీ అయినవి. ఈరోజు పోరంబోకు అంటే తిట్టు. తెలంగాణలో కంచ అంటే పశువులు మేసే నేల. హైదరాబాదు చుట్టూ ఎన్ని ఊళ్ల పేర్ల ముందు ఆ మాట మిగిలిందో, ఎన్నిచోట్ల మేత మిగిలిందో చూస్తే మాట ఎట్లా ఖాళీ అవుతుందో తెలుస్తుంది.

అట్లాసులో ఇంకో తమాషా ఉంది. బంజరు తగ్గితే దాన్ని మంచి మార్పుగా లెక్కవేస్తుంది. బంజరు పొలమైతే మంచి మార్పు, అడవైతే మంచి మార్పు, పరిశ్రమల ప్రాంతమైనా మంచి మార్పే. బీడు మీద పలకలు పరిస్తే ఈ లెక్కలో అది బాగుపడినట్టే. మేత పోయిందన్న సంగతికి ఆ పట్టికలో గడే లేదు.

పేరు పెట్టాక చట్టం పని తేలికవుతుంది. భడ్లాలో చాలా భూమి రికార్డుల్లో ప్రభుత్వ భూమి. రాజస్థాన్ రెవెన్యూ భాషలో ఇట్లాంటి దాన్ని సివాయ్ చక్ అంటారు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు భూమి తీసుకుంటే సామాజిక ప్రభావం అంచనా వేయాలి, నష్టపోయేవారితో మాట్లాడాలి. ప్రభుత్వం తన భూమిని తానే కేటాయిస్తే అది సేకరణ కిందికి రాదు. పట్టా ఉన్న రైతుతో మాట్లాడతారు, పట్టా లేని కాపరితో మాట్లాడే అవసరం ఉండదు. దీనికి తోడు పలకలతో కరెంటు తీసే సోలార్ ప్రాజెక్టులు 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కిందికి రావు. పొగ లేదు కనుక ప్రభావం లేదన్నమాట. పొగ ఒక్కటే ప్రభావమా? 2 రూపాయల 44 పైసల ధరకు కారణాలు చాలా ఉన్నాయి. పలకల ధరలు పడిపోయాయి, ఎండ పుష్కలం, డబ్బు చెల్లింపుకు హామీలున్నాయి. ఆ కారణాల మధ్యలో అడగకుండా దొరికిన నేల కూడా ఉంది. దాని ఖరీదు బిల్లులో కనిపించదు.

మన యువత ఇక్కడ ఒక తేడా గమనించాలి. మన ఏజెన్సీలో 1/70 ఉంది. 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. రాజస్థాన్‌లో ఐదో షెడ్యూలు దక్షిణాన బాన్స్‌వాడా, డూంగర్‌పూర్ వైపు ఉంది. పడమటి ఎడారిలో భీల్లు ఉన్నారు కానీ ఆ షెడ్యూలు లేదు. రైకాలు షెడ్యూల్డు తెగ కూడా కాదు. అంటే మనకు ఎంత బలహీనంగా అమలవుతున్నా చేతిలో ఒక కాగితం ఉంది, వాళ్లకు ఆ కాగితమే లేదు.

ఇప్పుడు రెండో పటం దగ్గరికి వద్దాం. ఫలోదీ ప్రాంతంలోనే కోలూ అనే ఊరుంది. పాబూజీ ఊరు అదే. ఒంటెలను మార్వాడ్‌కు తెచ్చినవాడని, పశువులను కాచినవాడని రైకాలు ఆయన్ను కొలుస్తారు. ఒంటెలకు జబ్బుచేస్తే భోపాను పిలిపించి ఫడ్ పాడిస్తారు. ఫడ్ అంటే సుమారు 15 అడుగుల పొడవున్న రంగుల గుడ్డ. దాని ముందు భోపా రావణహత్థా వాయిస్తూ పాడతాడు. భోపీ, అంటే అతని భార్య, గొంతు కలుపుతూ దీపం పట్టుకుని పాటలో వచ్చిన బొమ్మకు వెలుగు చూపిస్తుంది. కిక్రీ వాయిస్తూ గోండు కథలు పాడే ప్రధాన్‌లను చూసినవాళ్లకు ఈ దృశ్యం పరాయిదిగా అనిపించదు. ఈ భోపాలు నాయక్‌లు, తమను భీల్లుగా చెప్పుకునేవారు.

ఈ ఫడ్‌ను మొదటిసారి చూసినవాళ్లు తికమకపడతారు. బొమ్మలు కథ జరిగిన వరసలో ఉండవు. పెళ్లి ఒకచోట, దాని ముందు జరిగిన ప్రయాణం ఇంకెక్కడో. ఈ గాథను సేకరించి 1991లో ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చిన జాన్ డి. స్మిత్ దీని కిటుకు విప్పి చెప్పాడు. బొమ్మల వరసను నిర్ణయించేది కాలం కాదు, చోటు. నడుమ కోలూలో పాబూజీ కొలువు, ఒక చివర ఉమర్‌కోట్, మరో చివర ఒంటెల కోసం వెళ్లిన లంక. కోలూలో జరిగినవన్నీ, ఎప్పుడు జరిగినా సరే, కోలూ దగ్గరే గీస్తారు. అంటే ఇది నిజంగా పటమే, రెండు అర్థాల్లోనూ. మా లెక్కలో ఈ మొత్తం చర్చకు ఇది కీలకం. అదే ఇసుకను ఒక పటం ఒకే రంగు పూసి వదిలేసింది. ఇంకో పటం జానెడు కూడా ఖాళీ లేకుండా మనుషులతో, గుర్రాలతో, ఆవులతో, ఒంటెలతో నింపింది. ఫడ్ గీసేవాళ్లకు ఖాళీ అంటే పడదు. రెండు పెద్ద బొమ్మల నడుమ సందు దొరికితే అక్కడ ఒక చిన్న బొమ్మ గీస్తారు.

అయితే ఫడ్‌ను కళ్లకద్దుకోవడం కూడా విమర్శ కాదు. ఆ పటానికీ పక్షపాతం ఉంది. నడుమన పెద్దగా కూర్చున్నది రాఠోడ్ రాజపుత్రుడు. లంక దాకా నడిచి ఒంటెల ఆచూకీ తెచ్చిన రైకా హర్మల్ బొమ్మ చిన్నది. కథ మోసేది నాయక్‌లు, కథలో ఏలేది దొర. ఆవుల కోసం పోరు మొదలయ్యేది దేవల్ అనే చారణ స్త్రీ మొర వల్ల, అయినా గాథకు ఆమె పేరు లేదు. మన జానపద కథల్లోనూ ఈ కొలతలు మనకు తెలియనివి కావు. కాబట్టి అట్లాసు చెడ్డది, ఫడ్ మంచిది అని మేము తీర్పివ్వడం లేదు. ఒక తేడా మాత్రం చెబుతాం. ఫడ్‌లో రైకా చిన్నగానైనా ఉన్నాడు. ఆ బొమ్మ చూపించి నేనెందుకు ఇంత చిన్నగా ఉన్నానని అడగవచ్చు. అట్లాసులో అడగడానికి బొమ్మే లేదు.

ఇక ఆ నేల మీద నిజంగా ఏముంది? సేవణ్ గడ్డి ఉంది, నాలుగు చినుకులు పడితే లేచే గట్టి గడ్డి. ఫోగ్ పొద ఉంది. కేర్ కాయ, సాంగ్రీ కాయ కలిపి వండే కూర ఆ ప్రాంతమంతా ఇష్టంగా తింటారు. సాంగ్రీ అంటే ఖేజ్రీ చెట్టు కాయ. ఖేజ్రీ మరేదో కాదు, మన జమ్మి. దసరానాడు మనం పంచుకునే జమ్మి, తెలంగాణ రాష్ట్ర వృక్షం. రాజస్థాన్ రాష్ట్ర వృక్షం కూడా అదే. అక్కడ దాని ఆకు మేకకూ ఒంటెకూ మేత, కాయ మనిషికి కూర, నీడ పొలానికి మేలు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో ఈ చెట్లను కౌగిలించుకుని అమృతాదేవితో పాటు 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు. ఈ మధ్య బికానేర్ వైపు సోలార్ ప్రాజెక్టుల కోసం ఖేజ్రీలు నరుకుతున్నారని మళ్లీ ధర్నాలు జరిగాయి. నీటి సంగతి మరీ ఆశ్చర్యం. అనుపమ్ మిశ్ర తన పుస్తకంలో ఆ ఎడారి జనం మేఘాలకు పెట్టుకున్న పేర్లు వరుసగా చెబుతాడు. వాన తక్కువైన చోట మేఘానికి అన్ని పేర్లు! మన తెలుగు పాటల్లో, కథల్లో ఎడారి అంటే ప్రేమ లేని బతుకు, ఆశ లేని బతుకు. ఎడారి బతుకు అని ఎంత తేలిగ్గా రాసేస్తాం. అడవిమనిషి అన్నప్పుడు మనకు కలిగే మంట, ఎడారి బతుకు అన్నప్పుడు రైకాకూ కలుగుతుంది. పాఠం చెప్పేటప్పుడు ఉపాధ్యాయులు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది.

ఒంటెలు తగ్గిపోతున్నది నిజం. 2012 పశుగణనలో దేశంలో దాదాపు 4 లక్షలుంటే 2019లో రెండున్నర లక్షలకు పడిపోయాయి. ఇదంతా సోలార్ వల్లే అంటే అబద్ధమవుతుంది. ట్రాక్టర్లు వచ్చాయి, కాలువలు వచ్చాయి. ఒంటెలను కాపాడతామని 2015లో రాజస్థాన్ చేసిన చట్టం వాటి అమ్మకాన్ని కష్టం చేసిందని కాపరులే అంటారు. బీళ్లు మూసుకుపోవడం ఈ జాబితాలో ఒకటి. పార్కు కంచె పెద్దగా ఏమీ చేయక్కర్లేదు, మంద నడిచే దారికి అడ్డం ఉంటే చాలు.

కోర్టుల దాకా వెళ్లిన గొడవ వేరు. అది బట్టమేక పిట్టది. మన రోళ్లపాడులో ఒకప్పుడు కనిపించిన ఆ పెద్ద పిట్ట ఇప్పుడు దేశం మొత్తం మీద 150కి అటూఇటూ మిగిలింది, అందులో ఎక్కువ జైసల్మేర్ వైపే. కరెంటు తీగలకు తగిలి చస్తున్నాయని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీగలను భూమిలో వేయమంది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించింది. వాతావరణ మార్పు చెడు ప్రభావాల నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కు అని అదే తీర్పులో చెప్పింది. గొప్ప మాటే. అయితే రెండుసార్లూ పోటీ పిట్టకూ కరెంటుకూ మధ్యే నడిచింది. పిట్ట గూడు పెట్టే గడ్డిలోనే మంద మేపుకునే మనిషి మళ్లీ పటం బయటే ఉన్నాడు.

ఎడారిలో కరెంటుకు మన కొండలతో మరో లంకె కూడా పడింది. ఎండ పగలే ఉంటుంది, కరెంటు రాత్రీ కావాలి. అందుకని కొండ మీద ఒక జలాశయం, కింద ఒక జలాశయం కట్టి, పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి రాత్రి కిందికి వదిలే పంప్డ్ స్టోరేజ్ పథకాలు వస్తున్నాయి. అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో పెదకోట దగ్గర అట్లాంటిదే ప్రతిపాదించారు. ఆదివాసీ సంఘాలు వద్దంటున్నాయి. ఆ పథకాల కాగితాల్లో మన కొండలను ఏ మాటలతో వర్ణిస్తున్నారో మన పిల్లలు చదివి చూడాలి. మాకు ఈ అట్లాసు మాటలే ఎదురవుతాయని అనుమానం.

ఆ ఎడారి జనం ఊరికే కూర్చోలేదు. వాళ్లకు ఓరణ్ అనే వ్యవస్థ ఉంది. దేవుడి పేర వదిలిన ఊరుమ్మడి అడవి. అరణ్యం అనే మాట నుంచే వచ్చిందంటారు. అందులో గొడ్డలి పెట్టరు, పశువులు మేస్తాయి, చెరువు ఉంటుంది. చాలా ఓరణ్‌లు రికార్డుల్లో ఓరణ్‌లుగా లేవు, ప్రభుత్వ బంజరుగానే ఉన్నాయి. జైసల్మేర్ జిల్లాలో దేగ్రాయ్ ఓరణ్‌ను కాపాడుకోవడానికి ఊళ్లవాళ్లు కాలినడకన యాత్ర చేశారు. తమ పటాన్ని రికార్డుల్లోకి ఎక్కించమన్నారు. 2024 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఓరణ్‌లను నేల మీద సర్వేచేసి పటాలు గీయాలని, అడవిగా గుర్తించి వన్యప్రాణి చట్టం కింద కమ్యూనిటీ రిజర్వులుగా ప్రకటించాలని రాజస్థాన్ ప్రభుత్వానికి చెప్పింది. అటవీ హక్కుల చట్టం కింద సామూహిక అటవీ వనరులుగా గుర్తించే దారినీ ప్రస్తావించింది.

ఈ రెండు దారుల మధ్య తేడా మనకు బాగా తెలుసు. ఒక దారిలో అటవీశాఖ మనిషి కమిటీలో కూర్చుంటాడు. ఇంకో దారిలో గ్రామసభ కూర్చుంటుంది. ఓరణ్‌లను అడవిగా ప్రకటిస్తామని రాజస్థాన్ ప్రభుత్వం అంతకు కొద్ది నెలల ముందే నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు ఊళ్లవాళ్లే భయపడ్డారు. రేపు మేకను తోలుకుపోతే కేసు పెడతారా, సాంగ్రీ కోసుకుంటే జరిమానా వేస్తారా అని అడిగారు. సోలార్ కంపెనీ నుంచి కాపాడుకున్న బీడు అటవీశాఖ చేతిలో పడితే ఏమవుతుందో వాళ్లకు చెప్పగలిగిన అనుభవం మన గూడేల్లో ఉంది. 2006 చట్టం కింద క్లెయిము ఫారాలు నింపినవాళ్లు, హద్దులు చూపించడానికి పెద్దలను వెంటబెట్టుకుని కొండ ఎక్కినవాళ్లు, చేత్తో పటాలు గీసినవాళ్లు ఈ పుస్తకం చదివేవాళ్లలోనే ఉన్నారు. ఆ చేతిపటాల్లో ఎన్ని రెవెన్యూ ఆఫీసులో అల్మారా దాటి బయటికి వచ్చాయో కూడా వాళ్లకే తెలుసు.